డీటీపీ పనికి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సరిపోతుందా? పాత ఫాంట్ల నుంచి బయటపడాలనుకుంటున్నాను

అచ్చుగది (చీరాల)
11 జనవరి, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడి చర్చలు చదువుతున్నాను. రాయడం ఇదే మొదలు.

మాది చిన్న డీటీపీ సెంటర్. 19 ఏళ్ళుగా నేనూ మా వారూ నడుపుతున్నాం. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, బడుల ప్రశ్నపత్రాలు, తిరునాళ్ళ కరపత్రాలు, ఏడాదికి నాలుగైదు చిన్న పుస్తకాలు. సింగిల్ కలర్ పనికి మేమే ట్రేసింగ్ తీసి ఇస్తాం. మల్టీకలర్ అయితే పీడీఎఫ్ చేసి విజయవాడ ప్రెస్సుకు పంపుతాం.

దీపావళి తర్వాత రెండు కంప్యూటర్లు వరసగా పోయాయి. కొత్తవి కొన్నాం. పేజీలు కట్టే మా పాత ప్రోగ్రాం, దానితో వచ్చిన తెలుగు ఫాంట్లు కొత్త వాటిలో కుదురుకోలేదు. నిజం చెప్పాలంటే అవేవీ మేము కొన్నవి కావు. కంప్యూటర్ అమర్చిన అతను అప్పట్లో వేసి ఇచ్చాడు, మేము అడగలేదు. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ దాచి లాభం లేదు. ఇప్పుడు డబ్బు కట్టి తీసుకుందామంటే అన్నీ నెలనెలా చందాలే. పెళ్ళిళ్ళ కాలంలో పరవాలేదు. ఆషాఢంలోనూ మూఢంలోనూ మా షాపులో ఈగలు తోలుకుంటూ కూర్చుంటాం. చందా మాత్రం ఆగదు కదా.

ఇంకొక సంగతి. మా వీధిలోనే ఉండే రిటైర్డ్ ప్రధానోపాధ్యాయురాలు ఒకరు తమ ఊరి చరిత్ర రాశారు. 190 పేజీలు వస్తుంది. అచ్చు పుస్తకంతో పాటు ఫోనులో చదువుకునేలా కూడా కావాలన్నారు. మా పాత ఫైల్లో నుంచి ఒక పేరా ఆమె ఫోనుకు పంపించి చూశాను. ఇంగ్లీషు అక్షరాలు, కొటేషన్ గుర్తులు, ప్లస్సులు వచ్చాయి. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. తప్పు తన చూపుది అనుకున్నారు పాపం.

పేజీలు కట్టే స్వేచ్ఛా ప్రోగ్రాం స్క్రైబస్‌ను నాలుగేళ్ళ కిందట ఒకసారి వేసి చూశాను. శుభలేఖ పైన మొదట వచ్చే మాట శ్రీరస్తు. ఆ "శ్రీ" కే పొల్లు ఒక పక్క, "ర" ఒక పక్క, గుడిదీర్ఘం ఇంకొక పక్క పడ్డాయి. అంతటితో మూసేశాను.

ఇప్పుడు పరిస్థితి మారిందా? ప్రెస్సు వాళ్ళు ఆ పీడీఎఫ్ తీసుకుంటారా? డబ్బు తీసుకుని చేసే పనికి ఈ ఉచిత ఫాంట్లు వాడవచ్చా? తెలిసినవారు చెప్పండి.

---

పెంగ్విన్ (హైదరాబాద్)
11 జనవరి, రాత్రి 10:25

అచ్చుగది గారూ, మీ "శ్రీ" ఎందుకు విరిగిందో మొదట చెబుతాను. మీరు వేసినది స్క్రైబస్ 1.4 వరసలోది అయి ఉంటుంది. చాలాకాలం స్థిరమైన విడుదలగా నడిచింది అదే. దానికి ఒత్తులు కూర్చడం రాదు. అక్షరం పక్కన అక్షరం పెట్టుకుంటూ పోతుంది. ఇంగ్లీషుకు అది చాలు, మనకు చాలదు. 2017లో వచ్చిన 1.5.3 నుంచి హార్ఫ్‌బజ్ అనే భాగాన్ని అందులో కలిపారు. ఏ హల్లు కింద ఏ ఒత్తు పడాలో, గుడి ఎక్కడ కూర్చోవాలో ఫాంట్‌ను అడిగి తేల్చేది అదే. మీ ఫోనులోనూ బ్రౌజర్‌లోనూ తెలుగు సరిగ్గా కనపడటం వెనక ఉన్నది కూడా హార్ఫ్‌బజే. 1.5 వరస పరీక్షల దశలో ఉన్నదన్న పేరుతోనే ఏళ్ళు గడిచింది. 2024 జనవరిలో 1.6 స్థిరమైన విడుదలగా వచ్చింది. అది వేసుకుని, అదే శుభలేఖ, అదే శ్రీరస్తు మళ్ళీ టైపు చేసి చూడండి.

ఫోనులో చెత్త అక్షరాలు రావడానికి కారణం వేరు. పాత డీటీపీ ఫాంట్లలో నిజానికి తెలుగు అక్షరాలు లేవు. ఇంగ్లీషు అక్షరాల గడుల్లో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టారు. తలకట్టు ఒక గడి, ఒత్తు ఒక గడి. కంప్యూటర్ దృష్టిలో మీరు 19 ఏళ్ళుగా టైపు చేసినదంతా అర్థం లేని ఇంగ్లీషు. ఆ ఫాంట్ ఉన్న యంత్రంలో మాత్రమే అది తెలుగు. ప్రపంచ భాషలన్నిటికీ ఉమ్మడిగా ఏర్పరచిన యూనికోడ్ పద్ధతిలో అలా కాదు, "క"కు తనదైన సంఖ్య ఉంటుంది, ఏ ఫాంట్ వేసినా అది "క"గానే ఉంటుంది.

కాబట్టి మీరు మార్చవలసినవి రెండు, ప్రోగ్రామూ రాతపద్ధతీ. మొదటిది ఒక వారం పని. రెండోదానికి ఓపిక కావాలి.

---

నాలుగురంగులు (విజయవాడ)
12 జనవరి, ఉదయం 7:15

నేను ఆఫ్‌సెట్ ప్రెస్సులో ప్లేట్ల విభాగం చూస్తాను. ఊరికే ఆశపెట్టకండి. ఆ అమ్మ పని పోతే బాధ్యత ఎవరిది?

మా దగ్గరికి ఇలాంటి పీడీఎఫ్‌లు వస్తుంటాయి. తెర మీద ముచ్చటగా ఉంటాయి. ప్లేట్లు తీస్తే నల్ల అక్షరం నాలుగు ప్లేట్ల మీదా పడుతుంది. ఎందుకంటే ఆ ఫైలు ఆర్జీబీలో, అంటే తెర కోసం వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల పద్ధతిలో ఉంటుంది. అందులోని నలుపును మా యంత్రం నీలం, గులాబీ, పసుపు, నలుపు అన్నీ కలిపి తయారుచేస్తుంది. 8 పాయింట్ల అక్షరం అనుకోండి. నాలుగు రంగులూ వెంట్రుకవాసి జరగకుండా ఒకదాని మీద ఒకటి పడాలి. కాగితం తడికి కాస్త సాగినా "ణ"కు ఒక పక్క ఎర్రటి అంచు, ఇంకొక పక్క నీలం అంచు వస్తుంది. "ఘ"కూ "ఝ"కూ తేడా తెలియదు. వెయ్యి కాపీలు వేశాక పార్టీ వచ్చి గొడవ పెట్టుకుంటే కాగితం ఖర్చు ఎవరు భరిస్తారు?

ఇంకో మాట. చిన్న షాపుల మీదకు ఎవరూ రారు. ఉన్న కాపీతోనే నడుపుకోండి. కొత్త కంప్యూటర్ అమ్మి పాతది ఒకటి కొనుక్కుంటే సరిపోతుంది.

---

తెలుగుమాస్టారు (తెనాలి)
12 జనవరి, ఉదయం 10:50

అమ్మా, రంగుల సంగతి పెంగ్విన్ గారూ ప్రెస్సు తమ్ముడూ తేలుస్తారు. నేను ఫాంట్ల గురించి రాస్తాను. రిటైరై 12 ఏళ్ళయింది. నా వ్యాసాలన్నీ లిబ్రేఆఫీస్ అనే స్వేచ్ఛా ప్రోగ్రాంలోనే రాసుకుంటున్నాను.

మొట్టమొదట మాకు ఊపిరి పోసినవి పోతన, వేమన. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు తయారుచేసి జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద అందరికీ ఇచ్చేశారు. ఆ రోజుల్లో యూనికోడ్ తెలుగు అంటే ఆ రెండే మా దిక్కు. తర్వాత అమెరికాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర వాళ్ళు వరసగా ఫాంట్లు విడుదల చేయించారు. మండలి, మల్లన్న, రామభద్ర, ధూర్జటి, గిడుగు, గురజాడ, పెద్దన, తిమ్మన, సురన్న, సురవరం ఇంకా ఉన్నాయి. మండలి వెంకట కృష్ణారావు గారి పేరు మీద వచ్చిన "మండలి" పుస్తకం లోపలి పేజీలకు బాగుంటుంది. శీర్షికలకు రామభద్ర పెట్టండి, బలంగా నిలబడుతుంది. ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి.

డబ్బు తీసుకునే పనికి వాడవచ్చా అని అడిగావు. నిరభ్యంతరంగా వాడవచ్చు. సిలికానాంధ్ర ఫాంట్లకు ఉన్నది ఓపెన్ ఫాంట్ లైసెన్సు. ఫాంట్‌ను విడిగా ఒక సరుకుగా అమ్మకూడదు, అంతే. దానితో వేసిన శుభలేఖ, పుస్తకం, బోర్డు ఏదైనా అమ్ముకోవచ్చు.

ఒక లోటు కూడా చెప్పాలి. శుభలేఖలకు కావలసిన వంకుల అక్షరాలు, తీగలు పాకినట్టుండే రాతలు పాత వ్యాపార ఫాంట్లలో వందల కొద్దీ ఉన్నాయి. మన స్వేచ్ఛా ఫాంట్లలో అంత వైవిధ్యం ఇంకా లేదు. నీ పెళ్ళి ఖాతాదారులు ఆ తేడా గుర్తుపడతారు.

---

అచ్చుగది
12 జనవరి, మధ్యాహ్నం 2:05

నాలుగురంగులు గారూ, మీరు నా మంచి కోరే చెప్పారని తెలుసు. కానీ పాత కాపీతో నడుపుకోవడం నాకు ఇష్టం లేదు. ఎవరో వచ్చి పట్టుకుంటారన్న భయం కాదు. రెండేళ్ళ కిందట అలాంటి కాపీ ఒకటి కొత్తగా వేయించాం. దానితో పాటు వైరస్ వచ్చింది. మాఘమాసం ముహూర్తాల ముందు 40 శుభలేఖల ఫైళ్ళకు తాళం పడింది. డబ్బు పంపితే తీస్తామని తెర మీద రాశారు. పంపలేదు. మళ్ళీ అన్నీ రాత్రిళ్ళు కూర్చుని టైపు చేశాం. ఆ వారంలో మా వారికి జ్వరం కూడా.

మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది. "మన బోర్డు మీద మన పేరుంది, లోపల మాత్రం మనది కానిది వాడుతున్నాం" అంది ఒక రోజు. ఆ మాట నన్ను వదలలేదు.

---

పెంగ్విన్
12 జనవరి, రాత్రి 11:10

నాలుగురంగులు గారు చెప్పిన నలుపు సమస్య నూటికి నూరు పాళ్ళు నిజం. ఏ ప్రోగ్రాం నుంచి అలాంటి ఫైళ్ళు వస్తాయో చూడాలి.

లిబ్రేఆఫీస్ పీడీఎఫ్ ఎప్పుడూ ఆర్జీబీలోనే ఉంటుంది. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ నుంచి నేరుగా తీసినదీ అంతే. వాటిని అలాగే మల్టీకలర్ ప్రెస్సుకు పంపితే ఆయన చెప్పిన ఎర్ర అంచులే వస్తాయి. స్క్రైబస్ అచ్చు పని కోసమే పుట్టింది. అందులో మామూలుగా ఇచ్చే "బ్లాక్" నలుపు ప్లేటు ఒక్కదాని మీదే పడుతుంది. అచ్చు పని కోసం ఏర్పరచిన పీడీఎఫ్ ఎక్స్-1ఏ, ఎక్స్-3, ఎక్స్-4 పద్ధతుల్లో ఫైలు ఇస్తుంది. ఫోటోలను ఆర్జీబీలోనే ఉంచి పేజీలో పెట్టండి, ప్రింటర్ కోసం అని ఎంచుకుంటే బయటికి తీసేటప్పుడు అదే మారుస్తుంది.

జాగ్రత్త పడవలసిన చోటు ఒకటి ఉంది. ఇంక్‌స్కేప్‌లో వేసిన బొమ్మను స్క్రైబస్‌లోకి తెస్తే అందులోని నలుపు ఆర్జీబీ నలుపుగానే వస్తుంది. రంగులు మార్చే ఆదేశంతో దాన్ని "బ్లాక్"గా మార్చాలి. ఇది మరచిపోయి చాలామంది దెబ్బతింటారు.

బయటికి తీసే ముందు ప్రివ్యూ తెరిచి ఒక్కో ప్లేటు విడివిడిగా చూడండి. నీలం ప్లేటు మాత్రమే ఉంచి మిగతావి ఆపేయండి. అక్షరాల చోట తెల్లగా ఉంటే సరే. అక్షరాల నీడ కనపడితే ఎక్కడో తప్పుంది.

ఇక మీ సింగిల్ కలర్ పనికి ఈ తలనొప్పి ఏదీ లేదు. ట్రేసింగ్ మీద లేజర్ ప్రింటు నల్లగా వస్తే చాలు, ఫైలు ఏ రంగుల పద్ధతిలో ఉందన్నది లెక్కలోకి రాదు. పుస్తకం లోపలి పేజీలను ప్రెస్సుకు పీడీఎఫ్‌గా ఇవ్వాలంటే గోస్ట్‌స్క్రిప్ట్ అనే పనిముట్టుతో మొత్తం గ్రేకు మార్చి ఇవ్వవచ్చు.

---

నాలుగురంగులు
14 జనవరి, సాయంత్రం 6:30

ఈ పూట సంక్రాంతి సెలవు. ఖాళీగా ఉండి ఇంట్లో కంప్యూటర్‌లో స్క్రైబస్ 1.6 వేసి చూశాను. ఎ4 కరపత్రం ఒకటి చేశాను, పైన ఫోటో, కింద 9 పాయింట్ల తెలుగు. ప్లేట్లు విడివిడిగా చూశాను. నీలంలో అక్షరం లేదు. గులాబీలో లేదు. నలుపులో మాత్రమే ఉంది. ఫోటో నాలుగింటిలోనూ సరిగ్గా పంచుకుంది.

మొన్న నేను అన్నమాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను. తప్పు ప్రోగ్రాముది కాదు, ఏ పనికి ఏది వాడాలో తెలియకుండా పంపేవారిది.

అయినా రెండు మాటలు చెబుతాను. అంచు దాకా రంగు ఉన్న పనికి చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరించే గీత దాటి వదిలే రంగు) తప్పకుండా ఇవ్వండి. మొదటి పని పంపేటప్పుడు ప్రెస్సువాళ్ళకు ముందే ఫోను చేసి, ఏ పీడీఎఫ్ పద్ధతి కావాలో, ఏ కలర్ ప్రొఫైల్ వాడతారో అడగండి. అడగడంలో చిన్నతనం ఏమీ లేదు. అడిగేవారి పని మేము ఇంకా జాగ్రత్తగా చూస్తాం.

---

దూరతీరం (డాలస్)
15 జనవరి, ఉదయం 8:20

పుస్తకం పని అంటే నాకు ప్రాణం, అందుకే కలగజేసుకుంటున్నాను. ఇక్కడి మా తెలుగు సంఘం సంచికలు ఏడేళ్ళుగా జీటెక్‌లో చేస్తున్నాను. అది ఆదేశాలతో పేజీలు కట్టే టెక్ ప్రోగ్రాముల కుటుంబంలోది, యూనికోడ్ తెలుగు బాగా అర్థమవుతుంది. వంద పేజీలు దాటిన పుస్తకానికి విషయసూచిక, అడుగు గమనికలు, పేజీ సంఖ్యలు తనంతట తనే చూసుకుంటుంది. నేర్చుకోవడం మాత్రం కష్టం, ఆదేశాలు రాసి పేజీ తయారుచేయాలి. రోజూ ఖాతాదారులు ఎదురుగా కూర్చునే షాపుకు నేను సిఫారసు చేయను. స్క్రైబసే మీకు సరైనది.

నేను చెప్పదలచినది వేరే. "ఉచితం", "స్వేచ్ఛ" మన భాషలో రెండు వేరు మాటలు. ఇంగ్లీషులో రెంటికీ ఒకే మాట ఉండి ఎంత గందరగోళం పడతారో. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించినప్పటి నుంచి ఇదే వివరిస్తూ వస్తున్నారు. డబ్బు లేకపోవడం ఒక లాభం మాత్రమే. చేయి పెట్టి బాగుచేసుకునే హక్కు అసలు సంగతి.

నాకు జరిగింది చెబుతాను. మా సంచికలో ఒక ఫాంట్ వాడాను. "జ్ఞ" కింద ఒత్తు కాస్త ఎక్కువ దిగి, కింది వరసలోని గుడికి తగిలేది. ప్రతి పేజీలో "జ్ఞాపకం", "విజ్ఞానం" ఉన్న చోటల్లా మచ్చలా కనపడేది. ఫాంట్‌ఫోర్జ్ అనే ప్రోగ్రాంలో ఆ ఫాంట్ తెరిచాను. ఆ ఒత్తు బొమ్మను పట్టుకుని పైకి జరిపాను. లైసెన్సు ప్రకారం పేరు మార్చి దాచుకున్నాను. గంటన్నర పట్టింది. మూసిపెట్టిన ఫాంట్ అయితే తయారుచేసినవారికి ఉత్తరం రాసి, వారి దయ కోసం చూడాలి. నాకు చూడవలసిన అవసరం రాలేదు.

---

చాక్‌పీసు (నల్గొండ జిల్లా)
15 జనవరి, రాత్రి 8:45

ప్రభుత్వ బడిలో లెక్కల టీచర్‌ను. ప్రశ్నపత్రాలు నాలుగేళ్ళుగా లిబ్రేఆఫీస్‌లోనే చేస్తున్నాను. భిన్నాలు, వర్గమూలాలు రాయడానికి అందులోనే సూత్రాల విభాగం ఉంది. తెలుగు యూనికోడ్‌లో ఉండటం వల్ల పాత పత్రంలోని ప్రశ్న వెతికి తెచ్చుకోవడం చిటికెలో అయిపోతుంది. ఇంతకుముందు డీటీపీ షాపులో కూర్చుని నేను చదువుతుంటే ఆయన టైపు చేసేవారు.

---

అచ్చుగది
18 జనవరి, రాత్రి 10:15

శ్రీరస్తు కలిసింది! స్క్రైబస్ 1.6లో, రామభద్ర ఫాంట్‌తో. మా వారిని పిలిచి చూపించాను. ఆయన "లక్ష్మి" టైపు చేయమన్నారు, వచ్చింది. "స్త్రీ" అన్నారు, వచ్చింది. "రాష్ట్ర" అన్నారు, అదీ వచ్చింది. ఏమీ మాట్లాడకుండా కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

కానీ అసలు చిక్కు ఇప్పుడు మొదలైంది. మా దగ్గర టైపు చేసే అమ్మాయి 11 ఏళ్ళుగా యాపిల్ కీబోర్డు పద్ధతిలో టైపు చేస్తోంది. కీబోర్డు వంక చూడదు. గంటకు ఏడెనిమిది పేజీలు కొడుతుంది. కొత్త కీబోర్డు నేర్చుకోమంటే ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అక్కా, నాకు వచ్చిన పని ఇదొక్కటే, అదీ పోతే ఎలా" అంది. ఆ అమ్మాయిని బాధపెట్టి మార్చడం నా వల్ల కాదు.

ఇంకొకటి. "సాఫ్ట్‌వేర్" అని రాయబోతే "ట" కింద "వ" ఒత్తు పడిపోతోంది. "డాక్టర్‌గారు" అంటే "ర్గా" అయిపోతోంది.

---

పెంగ్విన్
18 జనవరి, రాత్రి 11:40

ఆ అమ్మాయికి ధైర్యం చెప్పండి. ఆమె వేళ్ళకు వచ్చిన విద్య ఎక్కడికీ పోదు. విండోస్‌కు బదులు వాడుకునే స్వేచ్ఛా వ్యవస్థ లినక్స్‌లో ఐబస్ అనే టైపింగ్ ఏర్పాటు ఉంది. దానికి ఎం17ఎన్ అనే కీబోర్డుల మూట కలిపితే తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, పోతనతో పాటు యాపిల్ పద్ధతి కూడా ఉంటుంది. ఆమె నొక్కే మీటలు ఆమెవే, తెర మీద వచ్చేది మాత్రం యూనికోడ్. ఒకటి రెండు గుర్తుల చోటు తేడాగా ఉండవచ్చు, వారం రోజుల్లో అలవాటవుతుంది. ఆ కీబోర్డు పట్టిక కూడా మామూలు టెక్స్ట్ ఫైలే. ఏ మీట తేడాగా ఉందో నాకు పంపండి, మీకు తగినట్టు మార్చి ఇస్తాను.

ఒత్తు పడకుండా పొల్లు దగ్గర ఆపడానికి యూనికోడ్‌లో కనిపించని అక్షరం ఒకటుంది. పొల్లు తర్వాత అది కొడితే "సాఫ్ట్‌వేర్" సరిగ్గా నిలబడుతుంది. పాత ఫాంట్లలో పొల్లు బొమ్మ పెట్టేస్తే అయిపోయేది, అందుకే డీటీపీ నుంచి వచ్చినవారందరికీ మొదట్లో ఇదే ఇబ్బంది. ఆమె కీబోర్డులో దీనికి తేలికైన మీట ఒకటి పెట్టిస్తాను.

విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మామూలుగా వచ్చే భద్రతా మార్పులు ఆగిపోయాయి. మిగిలిన మీ పాత కంప్యూటర్ దానిలోనే ఉంటే, పారేయకుండా దానికీ లినక్స్ వేసి ట్రేసింగ్ పనికి వాడుకోండి.

---

కావేరిగట్టు (బెంగళూరు)
19 జనవరి, ఉదయం 9:30

ఇదంతా చదువుతుంటే కేరళ గుర్తుకొచ్చింది. నా ఉద్యోగం వల్ల అక్కడ ఆరేళ్ళు ఉన్నాను. జనయుగం అనే మలయాళ దినపత్రిక 2019లో పత్రిక తయారీ మొత్తాన్ని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లోకి మార్చింది. పేజీలకు స్క్రైబస్, ఫోటోలకు గింప్, కంప్యూటర్లకు కుబుంటు అనే లినక్స్. వాళ్ళకూ మనలాంటి చిక్కే, పాత ఫాంట్ల గడుల్లో ఇరుక్కున్న భాష. రోజూ రాత్రి గడువులోగా పేజీలు వెళ్ళవలసిన దినపత్రిక చేయగలిగింది.

అక్కడ ప్రభుత్వ బడుల్లో పిల్లలు లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటారు. కాబట్టి పత్రికలో చేరే కుర్రవాడికి అది వింత కాదు. మనకూ హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాళ్ళు తెలుగులో లినక్స్ తయారుచేశారు, ఎందరో పిల్లలకు నేర్పారు. డీటీపీ సెంటర్ల దాకా మాత్రం ఆ గాలి రాలేదు. పుస్తకం, పత్రిక, నోటీసు అన్నీ పుట్టేది అక్కడే కదా. ఆ చోటును వదిలేసి యూనికోడ్ గురించి ఎన్ని సభలు పెట్టినా నాకు తృప్తి కలగదు.

---

ఖాతాపుస్తకం (గుంటూరు)
19 జనవరి, మధ్యాహ్నం 1:10

జీఎస్టీ లెక్కల పని నాది. పేజీల పని మార్చుకోండి, సంతోషం. లెక్కల ప్రోగ్రాం మాత్రం ఇదే ఊపులో మార్చకండి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో ముంబయిలో పుట్టిన ఈఆర్‌పీనెక్స్ట్ ఉంది, మంచిదే, కానీ చిన్న షాపుకు అది పెద్ద అంగీ. మీ లెక్కలు చూసే ఆడిటర్ ఏది వాడతారో అదే మీరూ వాడండి. రెండు మార్పులు ఒకేసారి పెట్టుకుంటే ఏది ఎక్కడ తప్పిందో తెలియదు.

---

తెలుగుమాస్టారు
20 జనవరి, ఉదయం 11:00

పాత ఫైళ్ళ గురించి ఎవరూ చెప్పలేదు. అమ్మా, 19 ఏళ్ళ ఫైళ్ళన్నీ మార్చాలని కూర్చోకు. పాత ఫాంట్ల రాతను యూనికోడ్‌కు మార్చే పనిముట్లు ఉన్నాయి. నా పాత వ్యాసాలు 30 దాకా అలా మార్చాను. "ఘ", "ఝ" లాంటివి తారుమారవుతాయి, అరసున్నలు మాయమవుతాయి, ఇందాక నువ్వు చెప్పిన పొల్లుల చోట ఒత్తులు పడతాయి. ప్రతి పేజీ మళ్ళీ ప్రూఫు చదవవలసిందే. మళ్ళీ అచ్చు వేసే అవకాశం ఉన్న పుస్తకాలు మాత్రమే మార్చు. మూలం పోయి, కాగితం మీద మాత్రమే మిగిలిన పేజీలుంటే టెసరాక్ట్ అనే ప్రోగ్రాం స్కాన్ నుంచి తెలుగు చదివి ఇస్తుంది. అచ్చు స్పష్టంగా ఉంటే బాగానే చదువుతుంది.

పుస్తకానికి ప్రూఫులు నేను చూస్తాను. పంపించు. డబ్బు మాట ఎత్తకు.

---

అచ్చుగది
9 మార్చి, రాత్రి 9:55

ఇన్నాళ్ళూ రాయలేదు, క్షమించండి. మాఘం, ఫాల్గుణం ముహూర్తాలతో తీరిక దొరకలేదు. ఏమయిందో అంతా చెబుతాను.

టీచరుగారి పుస్తకం అచ్చయింది. డెమీ 1/8 సైజు, 16 పేజీల ఫారాలు 12, మొత్తం 192 పేజీలు, 500 కాపీలు. లోపలి పేజీలకు మండలి, 12 పాయింట్లు. టైపు చేసిన అమ్మాయి మొదటి నాలుగు రోజులు గంటకు రెండు పేజీల కన్నా చేయలేకపోయింది. రెండో వారానికి ఆరుకు వచ్చింది. పెంగ్విన్ గారు మూడు మీటలు మార్చి పంపిన ఫైలు ఇప్పుడు మా రెండు కంప్యూటర్లలోనూ ఉంది. మాస్టారు ప్రూఫులు మూడుసార్లు చూశారు. ఆయన దిద్దిన కాగితాల కట్ట దాచుకున్నాను.

ఇబ్బంది పెట్టినది వరసల సర్దుబాటు. తెలుగులో "చెప్పుకొంటుండేవారట" లాంటి పొడుగు మాటలు వరస చివర పడితే మొత్తం కింది వరసకు దూకేవి, పై వరసలో మాటల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు. దూరతీరం గారిని అడిగితే మాట విరిచే పట్టిక సంగతి చెప్పారు. కొన్ని చోట్ల అది సరిపోయింది, కొన్ని చోట్ల నేనే చేత్తో విరిచాను. రెండు రాత్రులు పట్టింది. అక్షరదోషాలు చూసే తెలుగు నిఘంటువు నాకు పెద్దగా అక్కరకు రాలేదు. మన మాటలకు విభక్తులూ ప్రత్యయాలూ అతుక్కుని ఉంటాయి కదా, సరైన మాటల కింద కూడా ఎర్ర గీతలు పెడుతోంది.

అట్ట మల్టీకలర్. నాలుగురంగులు గారి ప్రెస్సు కాదు, మేము ఎప్పుడూ ఇచ్చేచోటే ఇచ్చాం. ఆయన చెప్పినట్టు ముందే ఫోను చేసి అడిగాను. ఎక్స్-1ఏ చాలన్నారు. అట్ట మీద పటం ఇంక్‌స్కేప్‌లో గీశాం. దానిలోని నలుపు మార్చడం మరచిపోయాను. ప్రివ్యూలో నీలం ప్లేటు చూస్తే ఊళ్ళ పేర్లన్నీ అందులో కనపడ్డాయి. ఆ క్షణంలో చేతులు చల్లబడ్డాయి. మార్చి మళ్ళీ తీశాను. అట్ట శుభ్రంగా వచ్చింది.

అదే రాతను లిబ్రేఆఫీస్‌లో పెట్టి ఈపబ్ (ఫోనులో చదువుకునే పుస్తకం ఫైలు) తీశాం. టీచరుగారి ఫోనులో వేసి ఇచ్చాను. ఆమె మొదట వెతికింది తమ ఊరి చెరువు పేరు. 41 చోట్ల దొరికింది. ఒక్కొక్కటీ నొక్కి చూశారు. మా షాపు మూసే వేళ దాటినా లేవలేదు. టీ తెప్పించాను.

శుభలేఖల సంగతి ఇంకా తెగలేదు. మాస్టారు అన్నది నిజమే, వంకుల అక్షరాలు కావాలంటున్నారు. పాత కోరల్‌డ్రా ఫైళ్ళు ఇంక్‌స్కేప్‌లో తెరిస్తే కొన్ని వస్తున్నాయి, కొన్నింటిలో నీడలు, పువ్వుల అంచులు పోతున్నాయి. పది కార్డుల్లో నాలుగు కొత్త పద్ధతిలో చేస్తున్నాం. మిగతా ఆరూ ఇంకా పాత కంప్యూటర్ మీదే. దానికి ఇంటర్నెట్ తీసేశాం.

దూరతీరం గారూ, ఆ ఫాంట్‌ఫోర్జ్ మా అమ్మాయి చూడాలంటోంది. తను బొమ్మలు బాగా గీస్తుంది. శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు ఈ మూడు మాటలకు సరిపడా అక్షరాలు కాగితం మీద వేసింది. "శ్రీ"కి కింద తీగలా సాగే తోక పెట్టింది. ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతారా?

---

దూరతీరం
10 మార్చి, ఉదయం 7:50

తప్పకుండా చెబుతాను. ముందు ఆ కాగితాన్ని అంగుళానికి 600 చుక్కల నాణ్యతతో స్కాన్ చేసి పెట్టమనండి. ఇంక్‌స్కేప్‌లోకి తెచ్చి గీతల మీద గీతలు గీసుకోవాలి. ఫాంట్‌ఫోర్జ్‌లోకి తీసుకెళ్ళేది ఆ తర్వాత. మొదట "శ్రీ" ఒక్కటే చేయమనండి. తోక ఎంత సాగాలో కింద వచ్చే అక్షరాన్ని బట్టి తేల్చుకోవాలి, అందులోనే పని ఎక్కువ ఉంటుంది. శనివారం మీకు రాత్రి 8 గంటలకు వీలైతే ఇద్దరం తెర ముందు కూర్చుందాం.